పదిహేను చుక్కల బొమ్మ

ఈ రోజుల్లో ఎవరి చేతిలో చూచినా ఒక నల్లపలక కనిపిస్తుంది. వేలు తాకగానే అది వెలుగుతుంది. వెలగగానే అందులో వరుసలు తీరి చిన్న చిన్న బొమ్మలు ప్రత్యక్షమవుతాయి. ఒక్కొక్కటి గోరంత. ఉత్తరాలకు కవరు బొమ్మ, వేళకు గడియారం బొమ్మ, మాట్లాడుకోవడానికి పాతకాలపు టెలిఫోను చెవిగొట్టం బొమ్మ. ఆ చెవిగొట్టాన్ని ఎన్నడూ చేత్తో పట్టి ఎరుగని మా కాలేజీ పిల్లలు కూడా దాన్ని చూడగానే ‘ఫోను’ అని పోల్చుకుంటారు. వస్తువు పోయింది, బొమ్మ మిగిలింది. మాటల్లోనూ ఇలాంటి వింతలు లేకపోలేదు. తిలలు అంటే నువ్వులు. వాటినుంచి తీసినదే తైలం. ఇప్పుడు కొబ్బరినుంచి తీసినా, ఆముదాలనుంచి తీసినా తైలమే. ఏ నూనెసీసా అయినా ‘నువ్వులెక్కడ?’ అని మనల్ని నిలదీస్తున్నదా?

ఈ గోరంత బొమ్మలను ఇంగ్లీషువాళ్ళు ‘ఐకాన్’ అంటారు. దీనికి తెలుగు చెప్పండి మాస్టారూ అని పిల్లలు అప్పుడప్పుడు నన్ను ఇరుకున పెట్టాలని చూస్తారు. నిఘంటువులు తిరగవేయవలసిన పని లేదు. మన ఓటరు ఎప్పుడో ఆ మాటను ఖాయం చేశాడు. గుర్తు! ‘నీ గుర్తేమిటయ్యా?’ అంటే అభ్యర్థి తన పేరు చెప్పకుండా బొమ్మ పేరు చెబుతాడు.

మన దేశంలో ఈ గుర్తుల చరిత్ర చిన్నది కాదు. 1951 జనాభా లెక్కల్లో చదవను, రాయను వచ్చినవారు నూటికి 18 మంది పైచిలుకు మాత్రమే. ఆ దేశంలో 1951-52లో మొదటి సార్వత్రిక ఎన్నికలు జరపాలి. పేర్లు అచ్చువేస్తే చదివేదెవరు? అంచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించారు. కాడి కట్టిన ఎడ్ల జత ఒకరిది, కంకీ కొడవలీ మరొకరిది. ఓటరు కాగితం మీద ఏ ముద్రా వేయనక్కరలేదు, తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి వస్తే చాలును. చదువు వచ్చినవాడికి గుర్తు ఒక సౌకర్యం. చదువు రానివాడికి అదే దారి. ఈ తేడాను మనసులో పెట్టుకుని తక్కిన కథ చిత్తగించండి.

కంప్యూటరు తెర మీదికి ఈ గుర్తులు రావడం కూడా ముచ్చటైన సంగతే. అమెరికాలో ఆపిల్ కంపెనీవారు 1984 జనవరిలో మాకింతోష్ అనే కంప్యూటరును విడుదల చేశారు. దానిలోని గుర్తులు గీసినావిడ సూసన్ కేర్. ఆమె కంప్యూటరు శాస్త్రం చదివినావిడ కాదు, కళల్లో డాక్టరేటు పొందిన చిత్రకారిణి. గళ్ళకాగితం ముందు వేసుకుని, అడ్డం 32 గడులు, నిలువు 32 గడులు లెక్కపెట్టుకుని, ఏ గడి నల్లగా ఉండాలో, ఏది తెల్లగా ఉండాలో ఒక్కొక్కటే నింపుకుంటూ పోయింది. మొత్తం 1024 గడులు, రెండే రంగులు. అందులోనే నవ్వుతున్న కంప్యూటరు, చెత్తబుట్ట, చేతిగడియారం! మీటల మీద వేయడానికి ఒక గుర్తు కావలసివస్తే, గుర్తుల నిఘంటువు ఒకటి తిరగేసి, స్వీడన్ దేశంలో చూడదగిన స్థలాల దగ్గర నాటే ఒక గుర్తును ఏరుకున్నది. నలుచదరం, నాలుగు మూలలా నాలుగు మెలికలు. మన ఆడవారికి చూపించండి. తడుముకోకుండా ముగ్గంటారు.

తరువాత 1999లో జపానులో షిగెతాకా కురిత అనే ఆయన సెల్‌ఫోను కోసం అంతకన్న చిన్నవి తయారుచేశాడు. 12 గడుల అడ్డం, 12 గడుల నిలువు. అంటే 144 గడుల్లో ఒక బొమ్మ. అలాంటివి 176. ఈనాడు మన పిల్లలు మాటకు బదులుగా పంపుకునే నవ్వు మొగాలకు, ఏడుపు మొగాలకు తాతలు అవే.

ఇదంతా ఎందుకు తెలుసుకోవలసి వచ్చిందంటే, మా అమ్మ కోసం.

నేను తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకుని ప్రబంధాలు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. మా అమ్మకు అక్షరాలు రావు. తన ఇద్దరు చెల్లెళ్ళను చంకన వేసుకుని పెంచడంతోనే ఆమె బడి ఈడు గడిచిపోయింది. ఇప్పుడు డెబ్బై దాటింది. ఒక కంటి పొర తీయించాం, రెండో కంటికి ఇంకా తీయించాలి. మా అమ్మాయి పలకా బలపం పట్టుకుని కూర్చోబెడితే, నాలుగు రోజులు ఓపికపట్టి, ‘నీకు పుణ్యముంటుంది, వదిలెయ్యవే’ అన్నది.

ఆమెకొక ఫోను ఉన్నది. దాన్ని ఎత్తడం వచ్చు. తానుగా చేయడం రాదు. ‘ఒరే, అక్కకి కలపరా’ అనాలి. నేను లేకపోతే మా ఆవిడతో అనాలి. ఆవిడ వంటలో ఉంటే మా అమ్మాయి బడినుంచి వచ్చేదాకా ఆగాలి. పేర్ల పక్కన ఫొటోలు పెట్టి చూశాం. గోరంత వృత్తంలో మా అక్కా, మా మేనత్తా, పక్కవీథి పిన్నిగారూ ఒకే పోలికన కనిపించారు. తప్పేమీ లేదు, లెక్క వేసి చూడండి. ఈనాటి కెమెరా తీసిన ఫొటోలో ముఖం మేరకు కత్తిరిస్తే 3000 చుక్కల అడ్డం, 3000 చుక్కల నిలువు, అంటే 90 లక్షల చుక్కలుంటాయి. వాటిని 225 గడుల్లోకి కుదించారనుకోండి, ఒక్కొక్క గడికి 40 వేల చుక్కల సగటు రంగు వచ్చి కూర్చుంటుంది. ముక్కూ కళ్ళూ సగటులో కలిసిపోతాయి. మసకకంటికి ముఖం అందేది ఇంచుమించు అలాగే.

ఫోను తెర ఇంకా ఎన్నో చుక్కలు చూపగలదు. మా అమ్మ కన్ను చూడలేదు. కనుక 225 గడుల్లో, అంటే 15 అడ్డం, 15 నిలువులో గుర్తుపట్టగలిగిన బొమ్మ అయితేనే ఆమెకు పనికివస్తుందని హద్దు గీసుకున్నాను.

దీనికి కావలసిన సాధనం ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు. నోల్ అన్నదమ్ములు రాయగా 1990లో అడోబీ కంపెనీ విడుదల చేసిన ఫొటోషాప్ పేరు మీరు వినే ఉంటారు. దాన్ని డబ్బు పెట్టి కొనాలి. నేను వాడినది జింప్. 1995లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టినది. ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చును. పద్ధతి రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే.

మొదట 15కు 15 కొలతతో కొత్త బొమ్మ తెరవాలి. అది తెర మీద ఆవగింజంత కనిపిస్తుంది. దాన్ని 32 రెట్లు పెంచి చూస్తే గళ్ళు విడివిడిగా తెలుస్తాయి. పొరలు రెండు పెట్టుకోవాలి. అడుగు పొరలో నిండా ఒకే రంగు, పై పొరలో బొమ్మ. విస్తరి వేరు, వడ్డన వేరు అన్నమాట. వడ్డన నచ్చకపోతే విస్తరి చించనక్కరలేకుండా తీసివేయవచ్చును. అడుగు పొరను కనబడకుండా చేస్తే, పై పొరలో రంగు పడనిచోట బూడిదరంగు గళ్ళు అగుపిస్తాయి. అవి బొమ్మలోవి కావు, ‘ఇక్కడ ఏమీ లేదు’ అని చెప్పే గుర్తులు.

గీయడానికి కుంచె ఉంది, పెన్సిలు ఉంది. ఇంత చిన్న బొమ్మకు పెన్సిలే పట్టాలి. కుంచె అంచుల దగ్గర సగం రంగు, పావు రంగు వదులుతుంది. పెద్ద బొమ్మకు అది నునుపు, చిన్న బొమ్మకు మసక. పెన్సిలు అలా కాదు, గడి నింపితే పూర్తిగా నింపుతుంది, లేకపోతే లేదు.

15 అనే సంఖ్య ఎందుకన్నానో మా అమ్మ నాకన్న బాగా చెప్పగలదు. ‘15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చేదాకా’ అంటూ సంక్రాంతి నెలంతా వాకిట్లో ఆమె వేసే ముగ్గులో నడిమి చుక్క ఒకటుంటుంది. బేసి సంఖ్యకు నడుమ ఉంటుంది, సరి సంఖ్యకు నడుమ ఉండదు. దీపం, చెంబు, బొంగరం వంటి రెండువైపులా సమంగా ఉండే వస్తువులకు ఎనిమిదో వరుస వెన్నెముక. ఆ వరుస గీసుకుని అటు ఒకటి, ఇటు ఒకటి నింపుకుంటూ పోవాలి.

ఇంకొక చిక్కు ఉన్నది. ఫోను ఈ బొమ్మలను గుండ్రంగా కత్తిరిస్తుంది, మూలలు పోతాయి. 15 గడుల చదరంలో ఇమిడే వృత్తం, ఆ వృత్తంలో మళ్ళీ ఇమిడే చదరం లెక్క కడితే పదిన్నర గడులు తేలుతుంది. అసలు బొమ్మ ఆ నడిమి మేరలోనే సర్దుకోవాలి. అంటే నూరుపైన మరికొన్ని గడులు, అంతే మన ఆస్తి.

రంగులు కూడా మూడు, మహా అయితే నాలుగు. కంట్లో పొర ఉన్నవారికి నీలిరంగు తేలిగ్గా తెలియదు. ఆ పొర పచ్చబారి నీలాన్ని మింగేస్తుంది. ముదురు నీలం నలుపులో కలిసిపోతుంది. పసుపు మీద నలుపు, నలుపు మీద తెలుపు, ఆకుపచ్చ మీద తెలుపు—ఇలా ఒకటి చీకటిగా, ఒకటి వెలుగుగా ఉండాలి.

గీసిన తరువాత బొమ్మను అసలు కొలతకు తెచ్చి, చెయ్యిచాపు దూరంలో పెట్టి, కళ్ళు సగం మూసి చూడాలి. అప్పుడు తెలిస్తే తెలిసినట్టు. తరువాత 20 రెట్లు పెంచి 300కు 300 చేయాలి. అలా పెంచేటప్పుడు, మధ్య రంగులు కల్పించవద్దని సాఫ్ట్‌వేరుకు చెప్పాలి. జింప్‌లో ఇంటర్‌పొలేషన్ అన్నచోట ‘నన్’ అని ఎంచుకోవాలి. లేకపోతే గళ్ళ అంచులు నీళ్ళలో తడిసిన సిరాలా పాకుతాయి. చివరికి పీ.ఎన్.జీ. పద్ధతిలో దాచాలి. జేపెగ్ పద్ధతి ఫొటోలకు మంచిదే కాని, ఇలాంటి కరుకు అంచుల చుట్టూ మురికి చేరుస్తుంది. పొరలతో ఉన్న మూలప్రతిని మాత్రం విడిగా దాచుకోండి, దిద్దుబాట్లు తప్పవు.

దిద్దుబాట్లు ఎందుకు తప్పవంటారా? మా ఇంట్లో పరీక్షాధికారి ఉన్నారు గనుక!

మా అక్క హైదరాబాదులో ఉంటుంది. కనుక చార్మినారు బొమ్మ పెడదామని మా అమ్మాయి ఉత్సాహపడి తానే గీసింది. మా అమ్మ ఫోను దూరంగా పట్టుకుని చూచి, ‘ఇదేమిటే, తిరగేసిన బల్లా?’ అన్నది. మళ్ళీ చూశాను. నాలుగు కాళ్ళూ పైకెత్తిన బల్లే! అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంటే, మా అమ్మ బుజ్జగిస్తూ, ‘హైదరాబాదు నేనెన్నడు చూశానే? మీ అత్తకి జామకాయ వెయ్యండి. చిన్నప్పుడు ఇరవైనాలుగ్గంటలూ ఆ చెట్టు మీదే కాపురం’ అన్నది. జామకాయ వేశాం. ఆకుపచ్చ గుండు, పైన తొడిమ, కింద చిన్న ముచ్చిక. మరుక్షణం, ‘ఇదిగో మా పెద్దది’ అన్నది.

అప్పటినుంచి బొమ్మ ఎంచడం ఆమెకే విడిచిపెట్టాం. పాలవాడికి చెంబు అన్నది. మేనత్తకు తమలపాకు. ఆవిడ నోట అది లేని క్షణం ఎవరూ చూడలేదు. డాక్టరుగారికి ఎర్ర శిలువ పెడదామన్నది మా ఆవిడ. అది కూడదు, యుద్ధాల్లో గాయపడినవారిని కాపాడే సంస్థల రక్షణ చిహ్నం అది. మన దేశంలో 1960లో చేసిన జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం ఎవరుపడితే వారు వాడకూడదు. మా ఇంటి ఫోను వరకు ఎవరూ వచ్చి అడగరనుకోండి. అయినా మా అమ్మకు అది అక్కరలేదు. ‘గుండుమాత్ర వెయ్యి. ఆయన ఇచ్చేది అదే గదా’ అన్నది. తెల్లటి వృత్తం, నడుమ ఒక అడ్డగీత. అన్నిటికన్న తేలిగ్గా అయిన బొమ్మ అదే.

ఇలా అయిదారు బొమ్మలయ్యాయి. ఫోను తెరవగానే కనబడే మొదటి పుట మీద వాటిని వరుసగా పేర్చాం. తాకితే చాలు, నేరుగా ఆ మనిషికే ఫోను పోతుంది. ఆమె రోజూ ఉదయం జామకాయను, సాయంత్రం తమలపాకును పలకరించడం మొదలుపెట్టింది.

ఒకనాటి మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు దగ్గరికి వచ్చి కూర్చుని, ‘ఒరే, ఇంకొకటి వెయ్యాలిరా’ అన్నది.

‘ఎవరికమ్మా?’

‘బొంగరం వెయ్యి.’

ఎవరికని నేను మళ్ళీ అడగలేదు. మా తమ్ముడికి చిన్నప్పుడు బొంగరమే ప్రాణం. జేబులో పెట్టుకుని పడుకునేవాడు. నాన్న పోయిన తరువాత పొలం పంపకాల్లో మాటా మాటా వచ్చి, మూడేళ్ళుగా మా ఇద్దరి మధ్యా మాటలు లేవు. ఆ తగాదాలోని తప్పొప్పులు ఈ పేజీకి ఎక్కవలసినవి కావు. నేను చెప్పదలచినది వేరు. ఆ మూడేళ్ళలో పండగపూట వాడు ఫోను చేస్తే అమ్మ మాట్లాడేది. తానుగా చేయాలంటే కలపవలసినవాణ్ణి నేను, నేను లేకపోతే మా ఆవిడ. ఒక్కసారి కూడా మమ్మల్ని అడగలేదు. చదువు వచ్చినవాళ్ళం, మన వేలు మన ఇష్టం. ఎవరితో మాట్లాడాలనిపించినా ఇంకొకరికి చెప్పుకోవలసిన అగత్యం మనకు లేదు. ఆమెకు తన కన్నకొడుకుతో మాట్లాడాలన్న కోరిక కూడా ముందుగా నా చెవిన పడితే గాని తీరే దారి లేదు. అందుకని చెప్పకుండా ఊరుకున్నది.

బొంగరం వేశాను. తొమ్మిది గడుల వెడల్పు, పదకొండు గడుల పొడవు. పైన బుర్ర వెడల్పుగా మొదలై, దిగివచ్చేకొద్దీ అటు ఒకటి, ఇటు ఒకటి తగ్గుతూ, ఎనిమిదో వరుసలో మేకుగా తేలింది. ఎర్రరంగు, పసుపు పట్టీ, కింద బూడిదరంగు మేకు. నా కంటికి బాగానే ఉంది. ఆమె చెయ్యి చాపి చూచి, ‘తాడు చుట్టలేదేం?’ అన్నది. నిజమే, తాడు లేకపోతే ముల్లంగిదుంపలా ఉన్నది. ఏటవాలుగా మూడు తెల్లగళ్ళు, వాటి కింద మరో మూడు పెట్టాను. ‘ఆఁ’ అన్నది. అంతే అన్నది. నంబరుకు తగిలించి, వరుసలో పెట్టి, ఫోను చేతికిచ్చాను.

మరునాడు పొద్దున నేను కాలేజీకి బయలుదేరబోతుంటే, వెనకవసారాలోనుంచి ‘ఏరా, తిన్నావుట్రా?’ అన్న మాట వినిపించింది. ఆ గొంతు అక్కతో మాట్లాడే గొంతు కాదు. చెప్పులు చప్పుడు కాకుండా తొడుక్కుని, రోజుకన్న పావుగంట ముందే వీథిలోకి వచ్చేశాను. మా అన్నదమ్ముల మాటలు ఇంకా కలవలేదు. వారి మాటలు మాత్రం రోజూ కలుస్తున్నాయి.

మీ ఇళ్ళల్లో కూడా అమ్మమ్మలో, నాయనమ్మలో, చూపు తగ్గిన తాతగార్లో ఉంటారు. పిల్లలకు వేసవి సెలవుల్లో ఈ పని అప్పగించండి. ఒక్కొక్క బొమ్మకు గంట చాలును, పైసా ఖర్చు లేదు. కంప్యూటరు లేకపోతే ముందు గళ్ళకాగితం మీద రంగుపెన్సిళ్ళతో వేసుకుంటే సగం పని అయినట్టే. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఎవరికి ఏ బొమ్మ వేయాలో మీరు నిర్ణయించకండి, ఆ పెద్దవాళ్ళనే అడగండి. అడిగి ఊరుకోకండి, వారం పోయాక ‘ఇంకెవరికైనా వెయ్యాలా?’ అని మళ్ళీ అడగండి. అడిగేటప్పుడు పక్కన నలుగురూ లేకుండా చూచుకోండి.

ఇది రాస్తుండగా మా అమ్మ వచ్చి, గ్యాసు అబ్బాయికి బొమ్మ కావాలన్నది. సిలిండరు వేయబోతే వద్దన్నది. అది పాలచెంబులా ఉంటుందట. మరేం వెయ్యమంటావంటే, ‘వాడి మీసం వెయ్యరా’ అంటున్నది. మీసం 15 గడుల్లో ఎలా ఒదుగుతుందో ఇప్పుడు కూర్చుని చూడాలి.